సిక్స్ ప్యాక్ కావాలంటే: పొట్ట కండరాలు, పొట్ట కొవ్వు గురించి తెలుసుకోవలసిన సంగతులు

2007లో ‘దేశముదురు’ సినిమాలో అల్లు అర్జున్, అదే సంవత్సరం ‘ఓం శాంతి ఓం’ అనే హిందీ సినిమాలో షారుఖ్ ఖాన్ చొక్కా లేకుండా కనిపించిన తర్వాత ‘సిక్స్ ప్యాక్’ అనే మాట మన ఇళ్ళలోకి వచ్చింది. 2012లో ‘పూలరంగడు’ సినిమా కోసం హాస్యనటుడు సునీల్ కూడా అలాంటి శరీరాన్ని సాధించేసరికి, కష్టపడితే ఎవరికైనా వస్తుందనే నమ్మకం యువకులలో బలపడింది. ఇప్పుడు చిన్న పట్టణాలలో కూడా జిమ్ములు ఉన్నాయి. పొట్ట మీద పలకలు తేలాలని రోజూ వందల సిటప్స్ చేసేవారున్నారు, డబ్బాలలో పొడులు కొనేవారున్నారు, ఇంజక్షన్లు వేయించుకునేవారు కూడా ఉన్నారు.

మా ఆసుపత్రికి ఈ విషయమై రెండు రకాల వారు వస్తారు. మొదటివారు సిటప్స్ చేసి నడుము నొప్పితోనో, పొడులు తాగి కడుపుబ్బరంతోనో వచ్చే యువకులు. రెండవవారు షుగరు, బి.పి., కాలేయంలో కొవ్వు ఉన్నాయని తెలిసి వచ్చే నలభై, యాభై ఏళ్ళవారు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకే ఇంటివారు. కొడుకు పొట్టమీద గీతలు రావడం లేదని బాధపడతాడు, తండ్రి తన పొట్టను ‘వయసు వచ్చింది కదా’ అని వదిలేస్తాడు. ఇద్దరికీ కావలసిన సలహా చాలావరకు ఒక్కటే గనుక ఈ వ్యాసం ఇద్దరి కోసమూ రాస్తున్నాము.

పొట్ట గోడలో ఏముంది?

పొట్ట ముందు భాగంలో, పక్కటెముకల దగ్గర నుండి క్రింద జఘనాస్థి వరకు, మధ్య గీతకు ఇటు ఒకటి, అటు ఒకటి చొప్పున రెండు పొడవైన కండరాలున్నాయి. వీటిని రెక్టస్ అబ్డామినిస్ అంటారు. ఈ కండరాలకు అడ్డంగా, సాధారణంగా ఒక్కొక్క వైపు మూడు చోట్ల, గట్టి నరంవంటి పట్టీలు ఉంటాయి. కండరం బలిసినప్పుడు పట్టీల మధ్య భాగం ఉబ్బుతుంది, పట్టీ ఉన్నచోట గీత పడుతుంది. ఈ గడులనే ‘ప్యాక్’ అంటున్నారు.

ఈ పట్టీలు ఎన్ని ఉంటాయి, ఎక్కడ ఉంటాయి అనేది పుట్టుకతో వచ్చేది. కొందరికి నాలుగు గడులు, కొందరికి ఆరు, కొందరికి ఎనిమిది కనిపిస్తాయి. కొందరిలో కుడి ఎడమల గడులు సమంగా ఉండవు. ఏ వ్యాయామమూ వీటి లెక్కను మార్చలేదు. కాబట్టి స్నేహితుడికి ఆరు వచ్చి మీకు నాలుగే వస్తే అది మీ లోపం కాదు.

ఈ రెండు కండరాలకు ప్రక్కన, లోపల మరి మూడు పొరల కండరాలున్నాయి. అన్నిటికంటే లోపలి పొర నడుముకు కట్టిన పటకా వలె చుట్టూ ఉంటుంది. బిందె ఎత్తినప్పుడు, దగ్గినప్పుడు, మంచం మీద నుండి లేచినప్పుడు వెన్నెముకను నిలబెట్టేవి ఈ పొరలే. ఇవి బయటికి కనిపించవు. ఆరోగ్యం లెక్కలో చూస్తే ఇవే ముఖ్యమైనవి.

ఇంతకీ ఈ కండరాలు మనందరికీ ఉన్నాయి. మరి ఎందుకు కనిపించవు? వాటి పైన, చర్మం క్రింద, కొవ్వు పొర ఉంది గనుక. పురుషులలో శరీర బరువులో కొవ్వు సుమారు 10 నుండి 12 శాతానికి తగ్గినప్పుడు గాని గీతలు స్పష్టంగా తేలవు. స్త్రీలలో ఇది సుమారు 16 నుండి 20 శాతం. అంటే సిక్స్ ప్యాక్ అనేది మొదట కొవ్వుకు సంబంధించిన విషయం, ఆ తర్వాతే కండకు సంబంధించినది.

సిటప్స్ చేస్తే పొట్ట కరుగుతుందా?

కరగదు. మేము ఎక్కువగా వినే అపోహ ఇదే. కండరం పని చేసేటప్పుడు తన పైనున్న కొవ్వును తీసుకొని వాడుకోదు. శరీరానికి శక్తి చాలనప్పుడు ఒంటినిండా ఉన్న కొవ్వు కణాల నుండి కొవ్వు రక్తంలోకి విడుదలై, కావలసిన చోటికి చేరుతుంది. ఏ భాగం నుండి ముందు తగ్గాలో మనం నిర్ణయించలేము. అది వంశాన్ని బట్టి, ఆడ మగ తేడాను బట్టి ఉంటుంది. చాలామంది పురుషులలో బొడ్డు క్రింది కొవ్వు చిట్టచివరకు పోతుంది.

2011లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో 24 మందిని తీసుకొని, కొందరి చేత ఆరు వారాలపాటు, వారానికి ఐదు రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. వారి పొట్ట కండరాల సత్తువ పెరిగింది, ఎక్కువసార్లు చేయగలిగారు. కాని పొట్ట కొవ్వు, నడుము కొలత మాత్రం వ్యాయామం చేయనివారితో పోలిస్తే ఏమీ తగ్గలేదు. అంతకు చాలా ముందు, 1971లో, టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతులను కొలిచి చూశారు. ఏళ్ళ తరబడి ఆడిన చేతిలో కండ పెరిగింది గాని, చర్మం క్రింది కొవ్వు రెండు చేతులలో సమానంగానే ఉంది.

పొట్టకు చుట్టుకొనే వేడి బెల్టులు, ప్లాస్టిక్ కాగితాలు, కొవ్వు కరిగించే నూనెలు కూడా ఇంతే. బెల్టు విప్పగానే తూకంలో తగ్గినట్లు కనిపించేది చెమటగా పోయిన నీరు. రెండు గ్లాసుల నీళ్ళు తాగితే అది తిరిగి వస్తుంది.

మన పొట్టను ఎందుకు తేలికగా తీసుకోకూడదు?

కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. ఒకటి చర్మం క్రింద, చేతితో పట్టుకుంటే దొరికేది. రెండవది పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరేది. మొదటిది గీతలను దాస్తుంది. రెండవది షుగరు వ్యాధిని, గుండెపోటును తెస్తుంది. లోపలి కొవ్వు నుండి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. అందువల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు, రక్తంలో చెడ్డ కొవ్వులు పెరుగుతాయి, బి.పి. పెరుగుతుంది.

ఈ విషయంలో మన భారతీయులకు ఒక బలహీనత ఉంది. పుణెలోని కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టరు యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టరు యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోలనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బి.ఎం.ఐ. ఇద్దరికీ 22.3 మాత్రమే. చూడడానికి ఇద్దరూ సన్ననివారే. కాని శరీరంలోని కొవ్వును కొలిస్తే ఆ ఆంగ్లేయునికి 9.1 శాతం, మన భారతీయునికి 21.2 శాతం ఉంది! అంటే తూకం మీద సరిగానే ఉన్నాము అనుకొనే మనలో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండవచ్చు. సన్నని కాళ్ళు, సన్నని చేతులు, ముందుకు వచ్చిన పొట్ట మన వీధులలో ఎందరికో ఉన్నాయి.

కాబట్టి అద్దం కంటే ముందు టేపు తీసుకోండి. దర్జీ వాడే టేపు చాలు. చొక్కా తీసి నిటారుగా నిలబడండి. చిట్టచివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు సరిగ్గా మధ్యలో టేపును నేలకు సమాంతరంగా చుట్టండి. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత కొలత చూడండి. పొట్ట లోపలికి పీల్చవద్దు, ప్యాంటు సైజును లెక్కలోకి తీసుకోవద్దు.

పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే అది మన దేశస్థులకు ప్రమాద సూచన. మరొక సులభమైన లెక్క ఏమంటే, నడుము కొలత మీ ఎత్తులో సగానికి మించకూడదు. దాటినవారు ఒకసారి పరగడుపున షుగరు, కొలెస్టరాల్, బి.పి. పరీక్షించుకోవాలి.

ఇందులో ఒక శుభవార్త కూడా ఉంది. తగ్గించడం మొదలుపెడితే లోపలి కొవ్వు తొందరగానే కదులుతుంది. తూకం పెద్దగా తగ్గకపోయినా క్రమమైన వ్యాయామంతో అది తగ్గుతుంది. చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన పరిశోధనలో, షుగరు వ్యాధి అంచున ఉన్నవారు ఆహారం మార్చుకొని, నడక అలవాటు చేసుకుంటే మూడేళ్ళలో ఆ వ్యాధి వచ్చే అవకాశం సుమారు 28 శాతం తగ్గింది. వారి బరువు దాదాపు మారలేదు. గీతలు కనిపించక ముందే లాభం మొదలవుతుందని దీనిని బట్టి తెలుసుకోవాలి.

ఎంత కాలం పడుతుంది?

ఒక లెక్క చూద్దాము. 75 కిలోల బరువున్న పురుషునికి 28 శాతం కొవ్వు ఉందనుకోండి. అంటే 21 కిలోల కొవ్వు, మిగిలిన 54 కిలోలు ఎముక, కండ, నీరు. ఆ 54 కిలోలను కాపాడుకుంటూ కొవ్వును 12 శాతానికి తేవాలంటే అతని బరువు సుమారు 61 కిలోలు కావాలి. అంటే దాదాపు 14 కిలోల కొవ్వు పోవాలి. వారానికి అరకిలో చొప్పున ఆరు, ఏడు నెలలు పడుతుంది. ‘నెల రోజులలో సిక్స్ ప్యాక్’ అనే ప్రకటనలు ఎంత నమ్మదగినవో దీన్నిబట్టి మీరే గ్రహించవచ్చు. త్వరపడి తిండి మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, తర్వాత బరువు తిరిగి వస్తుంది.

వారానికి అరకిలో తగ్గాలంటే రోజుకు సుమారు 500 కేలరీలు తగ్గించాలి. ఇది పస్తులుండడం కాదు. ఉదాహరణకు:

1. రోజుకు మూడు టీలలో రెండేసి చెంచాల చక్కెర మానితే 120 కేలరీలు.
2. రాత్రి భోజనంలో ఒక కప్పు అన్నం తగ్గిస్తే 200 కేలరీలు.
3. కూరల్లో మనిషికి రెండు చిన్న చెంచాల నూనె తగ్గిస్తే 90 కేలరీలు.
4. అరగంట వేగంగా నడిస్తే సుమారు 120 కేలరీలు.

మొత్తం 530. ఇందులో కష్టమైనది ఏదీ లేదు. రోజూ తప్పకుండా చేయడమే కష్టం.

పళ్ళెంలో ఏముండాలి?

మన పళ్ళెంలో అన్నం కొండలా, కూర అంచున, పప్పు పలుచగా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో, మనకు వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదని చెప్పింది. కాబట్టి పళ్ళేన్ని తిప్పి వడ్డించుకోండి. సగం పళ్ళెం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేక మాంసం. మిగిలిన పావు వంతు అన్నం, జొన్న రొట్టె, లేక రాగి సంకటి. ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకొంటే తక్కువ అన్నంతో కడుపు నిండుతుంది.

అయితే అన్నం విషం కాదు. ముడి బియ్యమైనా, రాగులైనా, జొన్నలైనా వంద గ్రాములకు ఇంచుమించు అన్నే కేలరీలు. చిరుధాన్యాలలో పీచు ఎక్కువ గనుక త్వరగా ఆకలి వేయదు, అంతే. ‘రొట్టెలే కదా’ అని ఆరు తింటే లాభం లేదు.

మాంసకృత్తులు కండకు ఇటుకల వంటివి. ప్రతి కిలో బరువుకు 0.83 గ్రాములు పెద్దలందరికీ కావాలి. బరువులెత్తి వ్యాయామం చేసేవారికి 1.2 నుండి 1.6 గ్రాములు సరిపోతాయి. అంటే 60 కిలోల మనిషికి 72 నుండి 96 గ్రాములు. ఇది వంటింట్లోనే దొరుకుతుంది:

ఉదయం: 60 గ్రాముల పెసలతో పెసరట్లు, నూనె తక్కువగా (14 గ్రాములు), రెండు ఉడికించిన గుడ్లు (12 గ్రాములు).
మధ్యాహ్నం: అన్నం, గట్టి పప్పు, ఆకుకూర, ఒక కప్పు పెరుగు (పప్పు, పెరుగు కలిపి 13 గ్రాములు).
సాయంత్రం: గుప్పెడు వేయించిన శనగలు (6 గ్రాములు), ఒక జామకాయ.
రాత్రి: రెండు జొన్న రొట్టెలు, కూరగాయలు, వంద గ్రాముల చేప లేక తోలు తీసిన కోడిమాంసం (20 గ్రాములు).

అన్నం, రొట్టెల నుండి మరో 15 గ్రాములు వస్తాయి. మొత్తం 80 గ్రాములు. మాంసం తిననివారు సోయా గింజలతో చేసే మీల్‌మేకర్, పనీరు, అలసందలు, రాజ్మా వాడుకోవచ్చు. డబ్బా పొడి తప్పనిసరి కాదు. జాతీయ పోషకాహార సంస్థ కూడా కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే సలహా ఇచ్చింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు తప్పక డాక్టరును అడగాలి.

కనబడకుండా చేరే కేలరీల మీద కన్నేసి ఉంచండి. కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు, సాయంత్రపు మిరపకాయ బజ్జీలు, టీతో బిస్కెట్లు, కూడికల తర్వాత పంచే మిక్చరు, ఆదివారం బిరియానీ. ఆరు రోజులు జాగ్రత్తగా ఉండి ఏడవ రోజున రెండు పళ్ళేల బిరియానీ తింటే వారం కష్టంలో సగం పోతుంది. పండుగ రోజున తినండి, కాని ఒక పళ్ళెం తిని, సాయంత్రం నడవండి. మద్యం కూడా కేలరీలే. ఒక గ్రాము మద్యంలో ఏడు కేలరీలుంటాయి, పైగా కాలేయంలో కొవ్వు చేరుతుంది.

ఏ వ్యాయామం చేయాలి?

మూడు భాగాలుగా చేయండి.

మొదటిది నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుండి 300 నిమిషాల వేగమైన నడక వంటి శ్రమను సూచించింది. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. సైకిలు, ఈత, ఆటలు ఏవైనా మంచివే.

రెండవది ఒళ్ళంతటికీ బలం. వారానికి కనీసం రెండు రోజులు. పెద్ద కండరాలు పనిచేస్తేనే కండ నిలుస్తుంది. మన ఊళ్ళ తాలింఖానాలలో పాతకాలం నుండి చేస్తున్న దండీలు, బస్కీలు ఇందుకు చక్కగా సరిపోతాయి. దండీలు నేల మీద చేయలేనివారు గోడకు చేతులాన్చి మొదలుపెట్టాలి. బస్కీలు చేయలేనివారు కుర్చీలో కూర్చొని లేవడంతో మొదలుపెట్టాలి. నీళ్ళ బకెట్లు రెండు చేతులా పట్టుకొని నిటారుగా నడవడం కూడా పొట్ట కండరాలకు మంచి పని. ఒక్కొక్కటి 8 నుండి 12 సార్లు, రెండు మూడు విడతలు చేయండి.

మూడవది పొట్ట కండరాలకు. కెనడాలో వెన్నెముక మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్, నడుముకు తక్కువ భారం పడే వ్యాయామాలను సూచించారు. వాటిని, ప్లాంకును ఇక్కడ వివరిస్తున్నాము. చేసేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు.

1. తల, భుజాలు ఎత్తడం: వెల్లకిలా పడుకొని ఒక మోకాలు మడవండి, రెండవ కాలు చాపండి. రెండు అరచేతులను నడుము క్రింద ఉంచండి. నడుమును నేలకు అదమకుండా తల, భుజాలను కలిపి కొద్దిగా మాత్రమే లేపి, 8 నుండి 10 సెకన్లు ఉంచి దించండి. లేచి కూర్చోనక్కరలేదు. మెడను చేతులతో లాగవద్దు.

2. ప్రక్క ప్లాంకు: ఒక ప్రక్కకు పడుకొని మోచేతి మీద ఆనుకొని నడుమును నేల నుండి పైకి లేపండి. మొదట మోకాళ్ళు ఆన్చి, అలవాటయ్యాక పాదాలు ఆన్చి చేయండి. 10 సెకన్లు చొప్పున రెండు ప్రక్కలా చేయాలి.

3. చేయి, కాలు చాపడం: పసిబిడ్డ పాకినట్లు చేతులు, మోకాళ్ళ మీద ఉండండి. కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనుకకు చాపండి. నడుము ఊగకూడదు. 8 నుండి 10 సెకన్లు ఉంచి మార్చండి.

4. ప్లాంకు: బోర్లా పడుకొని మోచేతులు, కాలి వేళ్ళ మీద ఒంటిని లేపి, తల నుండి మడమ వరకు చెక్క పలకలా నిటారుగా ఉంచండి. 15 సెకన్లతో మొదలుపెట్టి నెమ్మదిగా ఒక నిమిషానికి తీసుకురండి. నడుము క్రిందికి జారితే అక్కడితో ఆపండి.

ఈ నాలుగూ కలిపి పదిహేను నిమిషాల పని. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. మిగతా కండరాల వలె పొట్ట కండరాలకు కూడా విశ్రాంతి కావాలి. రాత్రి ఏడు గంటల నిద్ర కూడా అవసరం. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది.

ఎవరు ముందుగా డాక్టరును కలవాలి?

షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఒక్కసారిగా అన్నం తగ్గించి వ్యాయామం పెంచితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. అలాంటప్పుడు వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకొని తాగాలి. మందు మోతాదు మార్పును డాక్టరు నిర్ణయిస్తారు.

గజ్జలలో గాని, బొడ్డు దగ్గర గాని, పాత ఆపరేషను మచ్చ దగ్గర గాని దగ్గినప్పుడు ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు. పొట్ట వ్యాయామంతో అది నయం కాదు. ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకుండా నొప్పి, వాంతులు ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి.

బి.పి. అదుపులో లేనివారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు, ఇటీవల ఆపరేషను అయినవారు కూడా ముందుగా చూపించుకోవాలి.

మరొక మాట. ప్రతి పొట్టా కొవ్వు కాదు. ఒళ్ళు చిక్కిపోతూ పొట్ట మాత్రం పెరుగుతున్నా, కాళ్ళ వాపు లేక కామెర్లు ఉన్నా, స్త్రీలకు కొద్ది వారాలలోనే పొట్ట పెద్దదైనా అది నీరు గాని గడ్డ గాని కావచ్చు. వ్యాయామం చేద్దాములే అని ఆలస్యం చేయవద్దు.

తల్లులకు

కాన్పు తర్వాత పొట్ట మధ్యలో రెండు కండరాలు ఎడంగా జరగడం సాధారణం. వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు మడిచి, తల కొద్దిగా ఎత్తి, బొడ్డు పైన వేళ్ళు పెట్టి చూడండి. సందులో రెండు వేళ్ళకంటే ఎక్కువ పడుతుంటే సిటప్స్ చేయవద్దు. ఫిజియోథెరపిస్టు చెప్పిన మెల్లని వ్యాయామాలతో చాలామందికి అది దగ్గరవుతుంది. నడక త్వరగానే మొదలుపెట్టవచ్చు. సిజేరియన్ అయినవారు ఆరు వారాల పరీక్ష అయ్యేవరకు పొట్ట వ్యాయామాలు, బరువులు ఎత్తడం మానాలి. నడికట్టు కొంత ఊతమిస్తుంది గాని కొవ్వును కరిగించదు. బిడ్డకు పాలిచ్చే తల్లి తిండి బాగా తగ్గించకూడదు.

స్త్రీల శరీరానికి కొంత కొవ్వు అవసరం. మరీ తగ్గిస్తే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఆడపిల్లలు గీతల కోసం తిండి మానుతున్నట్లు గమనిస్తే తల్లిదండ్రులు కోప్పడకుండా మాట్లాడి, మా దగ్గరకు తీసుకురావాలి.

అడ్డదారులు వద్దు

జిమ్ములలో కొందరు ‘ఒక కోర్సు వాడితే చాలు’ అని స్టిరాయిడ్ ఇంజక్షన్లు, మాత్రలు ఇస్తారు. టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, స్టానొజొలాల్ వంటివి ఈ రకం. కండ వేగంగా పెరిగేమాట నిజమే. దానితోపాటు వృషణాలు చిన్నవై వీర్యకణాలు తగ్గుతాయి, రొమ్ములు పెరుగుతాయి, మొటిమలు వస్తాయి, కోపం, దిగులు పెరుగుతాయి, కాలేయం, గుండె దెబ్బతింటాయి. పెళ్ళయ్యాక పిల్లలు కలగక వచ్చే యువకులను మేము ఈ ప్రశ్న కూడా అడుగుతాము. ఒకే సూదిని పలువురు వాడితే హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి కూడా వస్తాయి.

ఆపరేషను సమయంలో పడిపోయిన బి.పి.ని పెంచడానికి వాడే మెఫెంటర్మిన్ ఇంజక్షన్లను జిమ్ములకు వెళ్ళే యువకులకు అమ్ముతుండగా హైదరాబాదులో అధికారులు పట్టుకొన్న సంఘటనలున్నాయి. గుండె లయ తప్పడానికి ఇది చాలు. కొవ్వు కరిగించే మందుగా అమ్మే డి.ఎన్.పి. శరీర ఉష్ణోగ్రతను ప్రాణం పోయేంతగా పెంచుతుంది, దానికి విరుగుడు లేదు. పోటీల ముందు గీతలు తేలాలని నీళ్ళు మానేయడం, మూత్రం పోయే మాత్రలు మింగడం మూత్రపిండాలకు, గుండెకు ప్రమాదం.

ఇప్పటికే ఇలాంటివి వాడుతున్నవారు సిగ్గుపడి దాచవద్దు. హఠాత్తుగా ఆపితే నీరసం, దిగులు రావచ్చు గనుక డాక్టరు సహాయంతో ఆపాలి. మీరు చెప్పినది మా దగ్గరే ఉంటుంది.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్ళు. సిక్స్ ప్యాక్ కోసం అన్నం మానేశాడు. ఏం చేయాలి?
జవాబు: ఇది ఎదిగే వయసు. తిండి తగ్గించకూడదు. ఆటలు, దండీలు, బస్కీలు చేయనివ్వండి. గుడ్లు, పప్పు, పాలు ఇంట్లో ఉండేలా చూడండి. బేకరీ తిండి, కూల్‌డ్రింకులు మాన్పిస్తే చాలు.

ప్రశ్న: ఉదయం నిమ్మరసం, తేనె తాగితే పొట్ట తగ్గుతుందా?
జవాబు: నిమ్మరసానికి కొవ్వు కరిగించే గుణం లేదు. తేనె కూడా చక్కెరే. షుగరు ఉన్నవారు అసలు వాడకూడదు.

ప్రశ్న: నాకు యాభై ఐదేళ్ళు. ఇప్పుడు మొదలుపెడితే లాభమా?
జవాబు: తప్పకుండా. మీకు గీతలు అవసరం లేదు. నడుము నాలుగైదు సెంటీమీటర్లు తగ్గినా షుగరు, బి.పి. అదుపులోకి రావడం సులభమవుతుంది. బలం వ్యాయామాలు చేస్తే తూలి పడే ప్రమాదం కూడా తగ్గుతుంది.

ప్రశ్న: గీతలు వచ్చాక ఆపేయవచ్చా?
జవాబు: ఆపితే కొన్ని నెలలలో కొవ్వు తిరిగి చేరుతుంది. సినిమా నటులు కూడా ఏడాది పొడవునా అలా ఉండరు. జీవితాంతం కొనసాగించగల అలవాటునే ఎంచుకోండి.

గుర్తుంచుకోండి

నెలకు ఒకసారి, ఒకే తేదీన, ఉదయం పరగడుపున ఇంట్లో పెద్దలందరి నడుము కొలిచి క్యాలెండరు మీద రాయండి. తండ్రి, కొడుకు కలిసి నడవండి. నూనె డబ్బా నెలకు ఎన్ని అయిపోతున్నాయో ఇంట్లో అందరూ తెలుసుకోండి. వండే తల్లి ఒక్కతే బాధ్యురాలు కాదు. ఆరు నెలలకు ఆ కుర్రవాని పొట్టమీద గీతలు తేలితే సంతోషమే. తేలకపోయినా తండ్రి నడుము 98 నుండి 91కి వస్తే, ఆ ఇంటికి అంతకంటే పెద్ద లాభం కలిగినట్లే.